వీధి లేని ఊరు: థర్మండ్

అందరికీ నమస్కారం.

ఇవాళ మనం మాట్లాడుకోబోయే ఊరి జనాభా ఐదుగురు. 2010 లెక్కల్లో ఐదుగురే, 2020 లెక్కల్లోనూ ఐదుగురే. అయినా కాగితాల మీద అది ఎన్నికలూ పదవులూ ఉన్న అసలుసిసలు పట్టణం. 2005 జూన్‌లో ఎన్నికలు పెడితే, అప్పటికి ఊళ్లో ఉన్న ఏడుగురిలో ఆరుగురు ఏదో ఒక పదవికి నిలబడ్డారు. అచ్చంగా ఓటరుగా మిగిలింది ఒక్కరే అన్నమాట.

ఊరి పేరు థర్మండ్. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, ఫెయెట్ కౌంటీ, న్యూ రివర్ లోయ అడుగున ఉంటుంది. ఒక పక్క నిటారు కొండ, ఇంకో పక్క నది, మధ్యలో ఇరుకైన చదును నేల. అందులో రైలు పట్టాలు పరుచుకోగా మిగిలిన జానెడు జాగాలో బ్యాంకు, కొట్లు, హోటలు కొండకి వీపు ఆనించి పట్టాలకి ఎదురుగా వరసగా నిలబడ్డాయి. కొట్టు గుమ్మం దిగితే నడక బాట, బాట దాటితే పట్టాలు. ఊరి నడివీధి అంటూ ఉంటే అది రైలు మార్గమే. 1921 దాకా ఆ ఊరికి బండి బాట లేదు. పెళ్లివారు రావాలన్నా, పిండి బస్తా దిగాలన్నా రైల్లోనే.

థర్మండ్ గురించి రాసేవాళ్లలో చాలామంది దాన్ని బొగ్గు ఊరు అంటారు. ఆ మాట సగమే నిజం. బొగ్గు బండ్లు ఈ రోజుకీ ఆ ఊరి మీదుగానే పోతున్నాయి. పట్టాలు ఉన్నాయి, వంతెన ఉంది, ఊరు మాత్రం లేదు. ఊరిని నిలబెట్టింది బొగ్గే అయితే ఇవాళ కూడా ఎంతో కొంత ఊరు మిగిలి ఉండాలి కదా. దాన్ని నిలబెట్టింది ఆవిరి ఇంజను ఆకలి. ఆ ఆకలి ఎలాంటిదో, దాన్ని తీర్చడానికి ఎన్ని చేతులు కావాలో చూస్తే ఊరు ఎందుకు పుట్టిందో, ఎందుకు పోయిందో రెండూ అర్థమవుతాయి.

ముందు పుట్టుక. అది త్వరగా ముగించొచ్చు. వర్జీనియాలోని రిచ్‌మండ్ నుంచి ఒహాయో నది దాకా చెసపీక్ అండ్ ఒహాయో రైల్వే లైను వేసింది. అందరూ సి అండ్ ఓ అనేవారు, మనమూ అలాగే అందాం. కాలిస్ హంటింగ్టన్ పెట్టుబడి తెచ్చాడు. పలుగూ పారా పట్టి కొండ తొలిచినవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి కూలీలు, అందులో చాలామంది కొన్నేళ్ల కిందటి దాకా బానిసలు. 1873 జనవరి 29న న్యూ రివర్ లోయలోని హాక్స్ నెస్ట్ దగ్గర రెండు వైపుల నుంచి వచ్చిన పట్టాలు కలిశాయి. అదే ఏడాది జోసఫ్ బ్యూరీ క్విన్నిమాంట్ నుంచి ఈ లోయ బొగ్గుని మొదటిసారి రైలెక్కించాడు. అదే ఏడాది కెప్టెన్ విలియం డాబ్నీ థర్మండ్ అనే ఆయన చేసిన సర్వే పనికి కూలి కింద 73 ఎకరాలు పుచ్చుకున్నాడు. డబ్బు బదులు కొండవాలు. ఆనాడు అది నష్టపు బేరంలాగే కనిపించి ఉండాలి.

ఆ నేలకి విలువ తెచ్చింది ఎదురుగా నదిలో కలిసే లూప్ క్రీక్ అనే వాగు. ఒహాయోలోని చిలికోతి వాసి థామస్ మెక్‌కెల్‌కి ఆ వాగు వెంట వేల ఎకరాల బొగ్గు భూమి ఉంది. నది మీద వంతెన కట్టి, వాగు వెంట గనుల్లోకి ఒక బ్రాంచి లైను ఎక్కించారు. బ్రాంచి వచ్చి మెయిన్ లైనులో కలిసే చోటు థర్మండ్. డోర్నకల్ జంక్షన్ తెలిసినవాళ్లకి ఈ అమరిక కొత్తగా ఉండదు. సింగరేణి బొగ్గు కూడా ఇల్లందు బ్రాంచి మీద దిగి డోర్నకల్‌లోనే మెయిన్ లైను ఎక్కేది. తేడా ఏమిటంటే డోర్నకల్‌కి చుట్టూ నేల ఉంది, యార్డుని ఎటు కావాలంటే అటు పెంచుకోవచ్చు. థర్మండ్‌లో యార్డు పెరగాలంటే ఏటి పొడుగునా సాగాల్సిందే, అడ్డంగా ఒక్క లైను పెరగాలన్నా కొండని చెక్కాలి.

ఇప్పుడు పొద్దున్నే ఆ యార్డులో ఏం జరిగేదో చూద్దాం.

గనికి ముందు కావలసింది ఖాళీ వ్యాగన్. వ్యాగన్లు లేకపోతే ఆ రోజు గని నడవదు, ఎందుకంటే తవ్విన బొగ్గు పోసుకోవడానికి ఆ ఇరుకు లోయలో గని దగ్గర చోటుండదు. తెల్లవారేసరికి థర్మండ్ యార్డులో ఖాళీలని గనుల వారీగా విడగొట్టి, ఒక ఇంజను వాటిని బ్రాంచి మీదికి తీసుకెళ్లేది. గని దగ్గర బొగ్గు దిగే కట్టడాన్ని టిపిల్ అంటారు. ఖాళీలని టిపిల్ కింద ఆపరు, దాన్ని దాటించి ఎగువన పెట్టి వస్తారు. అక్కణ్ణుంచి గని మనుషులు ఒక్కొక్క వ్యాగన్ చేతి బ్రేకు వదులుతూ వాలు మీద కిందికి జార్చి, టిపిల్ కింద నింపి, దిగువకి వదిలేస్తారు. ఇంజనుతో పనే లేదు, వాలే ఇంజను. సాయంత్రం అదే ఇంజను వచ్చి దిగువన పోగైన నిండు వ్యాగన్లని కూర్చుకుని కొండ దిగుతుంది.

ఎక్కడం సులువు, దిగడమే కష్టం. నిండు వ్యాగన్ ఒక్కొక్కటి యాభై టన్నుల సరుకుతో ఉంటుంది. గాలి బ్రేకు పని చేసే తీరు ఏమిటంటే, బండి పొడుగునా ఉన్న గొట్టంలో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 70 పౌండ్లు ఉన్నంత సేపూ బ్రేకులు వదిలి ఉంటాయి. డ్రైవరు ఆ ఒత్తిడి తగ్గిస్తే ప్రతి వ్యాగన్ కింద ఉన్న చిన్న ట్యాంకులోని గాలి బ్రేకు సిలిండర్‌లోకి వెళ్లి బ్రేకు పడుతుంది. చిక్కల్లా మళ్లీ ఆ ట్యాంకు నింపుకోవడంలో వస్తుంది. నింపాలంటే గొట్టంలో ఒత్తిడి పెంచాలి, పెంచితే బ్రేకు వదులుతుంది, వదిలితే బండి వాలు మీద పరుగందుకుంటుంది. కంగారుపడి మళ్లీ బ్రేకు వేస్తే ట్యాంకు ఇంకా సగమే నిండి ఉంటుంది. మూడో నాలుగో సారికి బ్రేకు వేసినా పట్టు ఉండదు. బండ్లు చేయి దాటి పోయేది ఇలాగే. ఇందులో గాలి ఎక్కడా కారదు, ఏ భాగమూ విరగదు. తొందరే ప్రమాదం.

దీనికి విరుగుడు రిటైనర్ అనే చిన్న కవాటం. వ్యాగన్‌కి ఒకటి ఉంటుంది, చేతి బ్రేకు దగ్గర్లోనే. దాని పిడి తిప్పి పెడితే, గొట్టం నిండుతున్నప్పుడు కూడా బ్రేకు సిలిండర్‌లో కొంత గాలి, ఓ పది పదిహేను పౌండ్లు, బయటికి పోకుండా నిలిచిపోతుంది. అంటే బండి పూర్తిగా వదలదు. కొండ దిగే ముందు బ్రేక్‌మన్‌లు బండి వెంట నడుచుకుంటూ ఒక్కొక్క పిడీ తిప్పాలి. కిందికి చేరాక మళ్లీ నడుచుకుంటూ వెనక్కి తిప్పాలి. ఒక్కటి మరిచిపోయి మెయిన్ లైను ఎక్కితే ఆ వ్యాగన్ బ్రేకు రాసుకుంటూనే పోయి చక్రాలు కాగిపోతాయి. మంచులో, వానలో, చీకట్లో, లాంతరు పట్టుకుని ఈ పని. థర్మండ్‌లో అద్దె గదులు తీసుకున్నవాళ్లలో ఇలాంటి పని మనుషులు ఎందరో.

దిగి వచ్చిన వ్యాగన్లని మళ్లీ విడగొట్టాలి. తూర్పుకి పోయేవి న్యూపోర్ట్ న్యూస్ రేవుకి, పడమరకి పోయేవి ఒహాయో మీదుగా గ్రేట్ లేక్స్ వైపుకి. ఈ లోయ బొగ్గు పొగ తక్కువగా మండే రకం, ఓడలకీ కోకు బట్టీలకీ గిరాకీ ఉన్న సరుకు. ఒక గని బొగ్గు ఇంకో గని బొగ్గుతో కలిస్తే కొనేవాడు ఒప్పుకోడు. కాబట్టి షంటింగ్ అంటే వ్యాగన్లని అటూ ఇటూ తోయడం కాదు, ఏ వ్యాగన్ ఎవరిదో, ఎక్కడికో, ఏ రకమో రాసిన చీటీల ప్రకారం తోయడం. అందుకే ఇంత చిన్న ఊళ్లో గుమాస్తాలు అంతమంది ఉండేవారు.

ఇంతసేపూ వ్యాగన్ల గోల అయింది. ఇక ఇంజను.

ఆవిరి ఇంజనుకి బొగ్గు కంటే నీళ్ల దాహం ఎక్కువ. ఒక మోస్తరు గూడ్సు ఇంజను వెనకాల టెండర్‌లో పదివేల గ్యాలన్ల నీళ్లు, పదిహేను టన్నుల బొగ్గు పడతాయనుకుందాం. మన లెక్కలో 38 వేల లీటర్ల నీళ్లు, సుమారు 13,600 కిలోల బొగ్గు. కిలో బొగ్గు ఆరు ఏడు కిలోల నీళ్లని ఆవిరి చేస్తుంది. అంటే ఆ బొగ్గంతా కాలేలోపు దాదాపు 88 వేల లీటర్లు కావాలి. ఉన్నది 38 వేలు. బొగ్గు ఒకసారి నింపితే నీళ్లు రెండు మూడు సార్లు నింపాలి. ఆవిరిబండ్ల కాలంలో బొగ్గు పోసే స్టేషన్ల కంటే నీళ్ల స్టేషన్లు ఎక్కువ ఉండటానికి ఈ లెక్కే కారణం. రెండూ ఉండి, దాంతో పాటు షెడ్డూ మనుషులూ ఉన్న చోటు కొన్నే ఉంటాయి. థర్మండ్ వాటిలో ఒకటి.

నీళ్లు ఏవైనా పనికిరావు. గనుల నుంచి కారే నీటిలో ఆమ్లం ఉంటుంది, అది బాయిలర్ ఉక్కుని తినేస్తుంది. సున్నం ఎక్కువ ఉన్న నీళ్లు ఇంకో రకం శత్రువు. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా గార కడుతుంది చూడండి, బాయిలర్ గొట్టాల మీదా అదే కడుతుంది. గార వేడిని నీళ్లలోకి పోనివ్వదు. అప్పుడు ఆ వేడంతా ఉక్కులోనే ఉండిపోయి గొట్టం మెత్తబడి కారడం మొదలుపెడుతుంది. 1911లో వచ్చిన బాయిలర్ తనిఖీ చట్టం కింద కనీసం నెలకోసారి బాయిలర్‌ని కడిగి తీరాలి. కడగడం అంటే నిప్పు తీసేసి, నెమ్మదిగా చల్లార్చి, నీళ్లు వదిలి, చుట్టూ ఉన్న మరల బిరడాలు విప్పి, ఒత్తిడితో నీళ్లు కొడుతూ కడ్డీలతో గార గీకి, బిరడాలు బిగించి, గోరువెచ్చని నీళ్లు నింపి, మళ్లీ నిప్పు వేయడం. తొందరపడి వేడి బాయిలర్‌లో చన్నీళ్లు కొడితే లోపలి పలకలని పట్టి ఉంచే బోల్టులు చిట్లుతాయి. ఒక్క ఇంజను, ఒక పూట పైన పని.

ఇక బొగ్గు టవరు. థర్మండ్‌లో ఇవాళ్టికీ చెక్కుచెదరకుండా నిలబడ్డది అదే. 1922లో కట్టిన కాంక్రీటు కట్టడం, 500 టన్నుల బొగ్గు పడుతుంది. పదిహేను టన్నుల టెండర్లు ముప్ఫై మూడింటికి సరిపడా. అంతకు ముందు రోజుల్లో ఇలాంటివి కర్రతో కట్టేవారు. బొగ్గు, పక్కనే నిప్పురవ్వలు చిమ్మే ఇంజన్లు, మధ్యలో ఎండిన కర్ర, ఇక చెప్పేదేముంది?

ఇలాంటి టవర్లు పని చేసే పద్ధతి చూడటానికి సులువు. బొగ్గు వ్యాగన్‌ని గొయ్యి మీద నిలిపి అడుగు తలుపులు తెరుస్తారు. బొగ్గు ఇనుప జల్లి మీంచి గోతిలో పడుతుంది. బకెట్ల గొలుసో, తొట్టి లిఫ్టో దాన్ని పైకి ఎత్తి గిడ్డంగిలో పోస్తుంది. పక్కల నుంచి రేకు తూములు పట్టాల వైపు వంగి ఉంటాయి. ఇంజనుని టెండర్ సరిగ్గా తూము కిందికి వచ్చేలా నిలిపి, ఫైర్‌మన్, అంటే ఇంజను పొయ్యిలో బొగ్గు వేసే మనిషి, టెండర్ ఎక్కి గొలుసు లాగితే తూము దిగుతుంది, తలుపు లేస్తుంది, టన్నుల కొద్దీ బొగ్గు నిమిషాల్లో పడిపోతుంది. గొలుసు వదిలితే ఎదురు బరువు తూముని మళ్లీ పైకి లేపుతుంది. పారతో అయితే నలుగురు మనుషులకి పూట పని.

చిక్కులు మూడు చోట్ల వస్తాయి. మొదటిది చలికాలం. తడి బొగ్గు వ్యాగన్‌లో గడ్డకట్టి తలుపులు తెరిచినా కిందికి రాదు, మనుషులు గడ్డపారలతో పొడవాలి. రెండోది నిల్వ. నుసి ఎక్కువున్న బొగ్గు గిడ్డంగి మూలల్లో వారాల తరబడి కదలకుండా ఉంటే తనంతట తానే వేడెక్కి రాజుకుంటుంది. అందుకే అప్పుడప్పుడు గిడ్డంగిని అడుగు దాకా ఖాళీ చేస్తారు. మూడోది చాలామంది గమనించనిది. బొగ్గుని పైనుంచి ఒకే చోట పోస్తే కుప్ప అవుతుంది కదా, పెద్ద గడ్డలు దొర్లి అంచులకి పోతాయి, నుసి నడిమధ్య పోగవుతుంది. కల్లంలో ధాన్యం కుప్ప పోసేటప్పుడు తాలు ఒక పక్కకీ గట్టి గింజ ఒక పక్కకీ పోయినట్టే. తర్వాత కింద తలుపు తెరిచినప్పుడు ఒక ఇంజనుకి అన్నీ గడ్డలే వస్తాయి, తర్వాతి ఇంజనుకి అంతా నుసే. నుసి వచ్చిన ఇంజనులో పొగగొట్టం లాగే గాలికి సగం బొగ్గు కాలకుండానే పైకి ఎగిరిపోతుంది. ఫైర్‌మన్ ఎంత పోసినా ఆవిరి ఎక్కదు. దారి మధ్యలో బండి ఆగిపోతే తప్పు ఫైర్‌మన్ మీద పడుతుంది, అసలు తప్పు టవరులో జరిగి ఉంటుంది.

బొగ్గు కంటే ముందు బూడిద పని ఉంటుంది. ఇంజను షెడ్డుకి రాగానే ముందు బూడిద గోతి మీదికి వెళ్లాలి. బొగ్గులో ఉన్న మట్టి, గంధకం, ఇనుము ఎక్కువ వేడికి కరిగి ముద్దకట్టి చిట్టెంలా పొయ్యి అడుగు జాలీ మీద అతుక్కుంటాయి. జాలీ మూసుకుంటే కింది నుంచి గాలి రాదు. నిప్పు శుభ్రం చేసే మనిషి పొడుగాటి ఇనుప కడ్డీతో మంచి నిప్పుని ఒక పక్కకి తోసి, ఇవతల చిట్టెం పగలగొట్టి గోతిలోకి వదిలి, మంచి నిప్పుని ఇటు లాగి, అవతల పక్క కూడా అలాగే చేస్తాడు. ఈ పని చేస్తున్నంత సేపూ పొయ్యి తలుపు బార్లా తెరిచి ఉంచకూడదు. చల్ల గాలి ఎర్రగా కాగిన గొట్టాల చివర్లకి తగిలితే అవి ముడుచుకుని అతుకుల దగ్గర కారతాయి. చలికాలంలో ఈ తప్పు ఒక్కసారి చేస్తే ఇంజను రెండు రోజులు షెడ్డులో పడుకుంటుంది. గోతిలోంచి తీసిన బూడిదని నీళ్లతో ఆర్పి యార్డు పట్టాల కింద పరిచేవారు.

చివరగా ఇసుక. తడి పట్టాల మీద, వాలు మీద చక్రం జారకుండా ముందు ఇసుక వదలాలి. బాయిలర్ మీద కనిపించే గుండ్రని గోపురాల్లో ఒకటి ఇసుక డబ్బా. అక్కణ్ణుంచి సన్నటి గొట్టంలో చక్రం ముందుకి జారుతుంది. ఇసుకలో చెమ్మ ఉంటే గొట్టంలో ముద్దకట్టి దిగదు. అందుకని బొగ్గు పొయ్యి చుట్టూ ఇసుక పోసి ఆరబెట్టి, జల్లించి, గాలి ఒత్తిడితో పైనున్న తొట్టిలోకి ఎక్కించేవారు. ఇసుక ఎండబెట్టడం కూడా ఒకరి కొలువే.

ఈ బ్రాంచి దిగుడు గురించి ఇంకో మాట. ఇంజను ముందుకి వంగి దిగుతున్నప్పుడు బాయిలర్‌లో నీళ్లు ముందుకి జారతాయి. పొయ్యి ఉండేది వెనక. పొయ్యి పైకప్పు మీద ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండాలి, లేకపోతే ఆ పలక ఎర్రబడి, మెత్తబడి, లోపలికి చినిగి బాయిలర్ పేలుతుంది. మెట్ట మీద గాజు గొట్టంలో సరిపడా కనిపించిన నీళ్లు, దిగడం మొదలుపెట్టగానే తక్కువైపోతాయి. అందుకని దిగుడు మొదలయ్యే ముందే నీళ్లు ఎక్కువ ఎక్కించుకోవాలి. పైకప్పులో ఒక మెత్తటి లోహపు బిరడా కూడా పెట్టేవారు, నీళ్లు తగ్గితే అది కరిగి ఆవిరి పొయ్యిలోకి చిమ్మి హెచ్చరిస్తుంది. దాని దాకా వచ్చిందంటే ఆ డ్రైవరుకి ఆ రోజు మంచిది కాదు.

ఇన్ని పనులు, ఇన్ని చేతులు. వీళ్లకి పడక కావాలి, తిండి కావాలి. 1907 చట్టం ప్రకారం బండి సిబ్బంది వరసగా 16 గంటలకి మించి పని చేయకూడదు, ఆ పైన 10 గంటల విశ్రాంతి ఇవ్వాలి. బండికి టైము ఉంటుంది గానీ సిబ్బందికి ఉండదు. ఏ రాత్రి ఎన్ని గంటలకి పిలుపొస్తుందో తెలీదు. అందుకు పిలుపు కుర్రాడు ఉండేవాడు. బండి బయల్దేరే ముందు లాంతరు పట్టుకుని అద్దె గదులకీ హోటలుకీ తిరిగి, పేరు పేరునా లేపి, లేచినట్టు పుస్తకంలో సంతకం పెట్టించుకునేవాడు. సంతకం ఎందుకంటే, లేపాక మళ్లీ పడుకున్నవాడు మర్నాడు నన్నెవరూ లేపలేదనకుండా.

రెండంతస్తుల కర్ర డిపో, అంటే రైలు స్టేషను, 1904లో కట్టినది. కింద టిక్కెట్లు, సామాను. పైన కిటికీ గూట్లో టెలిగ్రాఫ్ మనిషి. బండ్ల కదలికల ఉత్తర్వులు తీగ మీద వస్తే పల్చటి కాగితం మీద కార్బన్ పెట్టి రాసేవాడు. రెండు రకాలు. 19వ నంబరు ఫారం అయితే బండి ఆగక్కర్లేదు, పొడుగాటి కర్ర చివర వలయానికి చీటీ తగిలించి పట్టుకుంటే, పోతున్న ఇంజనులోంచి చేయి చాపి తీసుకుంటారు. 31వ నంబరైతే బండి ఆపి, దిగి వచ్చి, చదివి, సంతకం పెట్టాల్సిందే. కొండ ఇంత దగ్గరగా ఉన్న లైన్లలో రాళ్లు పడే చోట తీగల కంచె కట్టే పద్ధతి కూడా వచ్చింది. రాయి పడి తీగ తెగితే కరెంటు ఆగి సిగ్నలు ఎర్రబడుతుంది. కాపలా మనిషి నిద్రపోయినా కంచె నిద్రపోదు.

రైళ్లు మంచి ఊపులో ఉన్న రోజుల్లో దినానికి 15 ప్రయాణికుల బండ్లు, ఏడాదికి 95,000 దాకా ప్రయాణికులు ఈ డిపోలో దిగి ఎక్కేవారు. ఊళ్లో రెండు బ్యాంకులు. గనుల జీతాల డబ్బు రైల్లో వచ్చి వాటిలోంచే పంపిణీ అయ్యేది. అయినా ఊళ్లో ఉండేవాళ్లు 1930 నాటికి కూడా ఐదొందలు దాటలేదు. ఉండేవాళ్లు తక్కువ, దిగేవాళ్లు ఎక్కువ.

కెప్టెన్ థర్మండ్ నిష్ఠగల బాప్టిస్టు, తన నేల మీద మద్యం అమ్మనివ్వలేదు. అవతలి ఒడ్డు మెక్‌కెల్‌ది, అక్కడ ఆ పట్టింపు లేదు. 1901లో మెక్‌కెల్ అక్కడ నూరు గదుల డన్ గ్లెన్ హోటలు తెరిచాడు. అందులో పేకాట ఒకటి 14 ఏళ్లు ఆగకుండా సాగిందని చెప్పుకుంటారు. థర్మండ్ పేరు చెబితే ముందు ఈ పేకాట కథే వస్తుంది, అందుకే నేను ఇంతటితో వదిలేస్తున్నాను.

ఊరు ఎలా పోయింది? అగ్నిప్రమాదాల వల్ల అని ఎక్కువమంది చెబుతారు. 1930లో డన్ గ్లెన్ కాలిపోయింది, అదీ ఎవరో కావాలని పెట్టిన మంట. 1931లో నేషనల్ బ్యాంకు మూతపడింది. మాట నిజమే, కానీ ముందు కూడా మంటలు ఉన్నాయి. 1899లో ఊళ్లోని థర్మండ్ హోటలు కాలిపోతే 1902కల్లా మళ్లీ లేచింది. 1930లో కాలిన డన్ గ్లెన్ మాత్రం మళ్లీ లేవలేదు. మంట ఒకటే, ఈసారి మళ్లీ కట్టి లాభపడేవాడు లేడు. 1914లో రాష్ట్రంలో మద్య నిషేధం వచ్చింది. 1921లో రోడ్డు వచ్చింది. రోడ్డు వస్తే ఊరు పెరుగుతుంది అంటాం కదా, ఇక్కడ తిరగబడింది. రైలు తప్ప దారి లేనప్పుడు కొండ మీది గనుల కుటుంబాలన్నీ కొనుగోళ్లకి థర్మండ్ దిగేవి. కారు వచ్చాక కొండ మీద చదునున్న ఊళ్లకి పోయాయి. వీధే లేని ఊళ్లో కారు ఎక్కడ ఆపాలి?

అయినా ఆవిరి ఇంజన్లు ఉన్నంత కాలం షెడ్డు ఉంది, షెడ్డు ఉన్నంత కాలం ఊరు కొన ఊపిరితో ఉంది. సి అండ్ ఓ బొగ్గు మోసే కంపెనీ, దాని ఖాతాదారులు బొగ్గు గనులవాళ్లు, కాబట్టి బొగ్గు తినే ఇంజన్లని చివరి దాకా వదల్లేదు. దేశమంతా డీజిల్ వైపు పోతుంటే 1949లో కూడా బాల్డ్విన్ కంపెనీ దగ్గర 2-6-6-2 రకం (ఆ అంకెలు చక్రాల అమరిక) ఆవిరి ఇంజన్లు కొంది. అడిగింది 25, ఆఖరికి తీసుకుంది 10. అందులో చివరిదైన 1309 నంబరు ఇంజనుని బాగుచేసి 2021 చివర్లో మేరీల్యాండ్‌లో మళ్లీ పట్టాలెక్కించారు. సి అండ్ ఓలో మాత్రం 1956కల్లా ఆవిరి ముగిసిపోయింది.

ఇప్పుడు వెనక్కి వెళ్లి ఒక్కొక్కటీ కొట్టేయండి. డీజిల్‌కి దారిలో నీళ్లు పట్టక్కర్లేదు, నీళ్ల మనిషి పోయాడు. బొగ్గు వద్దు, టవరు మనుషులు పోయారు. బూడిద లేదు, గోతి మనుషులు పోయారు. బాయిలర్ లేదు, కడిగేవాళ్లు పోయారు. మూడు నాలుగు డీజిళ్లని కేబుల్‌తో కలిపి ఒకే సిబ్బంది నడపొచ్చు, కాబట్టి డ్రైవర్లూ ఫైర్‌మన్లూ తగ్గారు. ఒకసారి ట్యాంకు నింపితే వందల మైళ్లు పోతుంది, కాబట్టి మధ్యలో ఆగే పనే లేదు. మనుషులు ఆగకపోతే అద్దె గది ఎవరికి, భోజనశాల ఎవరికి? మిగిలింది ఇసుక ఒక్కటే. డీజిల్ చక్రం కూడా తడి పట్టా మీద జారుతుంది మరి. ఒక్క ఇసుక కోసం ఊరు నిలబడదు. ఆ పక్కనే గనులూ మూతపడుతూ వచ్చాయి, నట్టల్‌బర్గ్ 1958లో, కేమూర్ 1962లో. కానీ దూరపు గనుల బొగ్గు ఈ లైను మీద నడుస్తూనే ఉంది.

1963లో థర్మండ్ హోటలు కాలింది, 1993లో ఇంజను షెడ్డు కాలింది. 1978లో లోయని జాతీయ ఉద్యానవనాల శాఖ కిందికి తెచ్చారు, 2020 డిసెంబరులో పూర్తి స్థాయి జాతీయ పార్కు హోదా ఇచ్చారు. ఇప్పుడు ఊళ్లో చాలా భాగం ఆ శాఖదే. డిపోని బాగుచేసి 1995 నుంచి సందర్శకుల కేంద్రంగా నడుపుతున్నారు.

వెళ్లాలనుకునేవాళ్లకి. యూఎస్ 19 మీద గ్లెన్ జీన్ దగ్గర దిగి, రాష్ట్ర రహదారి 25 పట్టుకోండి. అక్కణ్ణుంచి ఏడు మైళ్లు, మెలికలు తిరిగే సన్నటి దారి, పెద్ద వ్యాన్లు తీసుకెళ్లొద్దు. ఊళ్లోకి అడుగుపెట్టేది నది మీది రైలు వంతెన పక్కన ఉన్న ఒంటి వరస దారి మీదుగా, ఎదుటి నుంచి బండి వస్తుంటే ఆగి దారివ్వాలి. సందర్శకుల కేంద్రం వేసవిలోనే తెరుస్తారు, మిగతా కాలంలో వెళ్తే బయటి నుంచే చూడాలి. బొగ్గు టవరుని ఫోటో తీయడానికి పట్టాల మీద నిలబడకండి. అది సిఎస్ఎక్స్ రైల్వే కంపెనీ నడిపే లైను, మలుపు చాటు నుంచి గూడ్సు వస్తే లోయలో చప్పుడు ముందే వినబడుతుందని నమ్మకం లేదు. రైల్లో వెళ్లాలంటే న్యూయార్క్, చికాగో మధ్య నడిచే ఆమ్‌ట్రాక్ కంపెనీ ప్రయాణికుల బండి కార్డినల్ వారానికి మూడు రోజులు ఇటూ అటూ పోతుంది. ఎక్కేవాళ్లో దిగేవాళ్లో ఉంటేనే ఆగుతుంది, కాబట్టి టిక్కెట్టు ముందే తీసుకోండి.